గ్లాకోమా లేజర్ తర్వాత కన్ను ఇబ్బంది పెడుతుంటే ఏం చేయాలి?

"లేజర్ అయ్యి మూడు రోజులైంది, కన్ను ఇంకా ఎర్రగానే ఉంది, ఫర్వాలేదా?" "చూపులో తెల్లటి గీత ఒకటి కనిపిస్తోంది, పోతుందా?" "లేజర్ అయిపోయింది కదా, ఇక కంటి చుక్కల మందు మానేయొచ్చా?" గ్లాకోమా (సాధారణంగా కంట్లోని ప్రెజర్ వల్ల కంటినరం దెబ్బతినే జబ్బు) గురించి నేను ఏం రాసినా నాకు తిరిగి వచ్చేవి ఈ మూడు ప్రశ్నలే. ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. నా రెండు కళ్లకూ ఐరిడాటమీ అనే లేజర్ జరిగింది, మా అమ్మకు ఎస్‌ఎల్‌టీ అనే ఇంకో రకం లేజర్ జరిగింది. ఆ అనుభవమూ, డాక్టర్లను పదేపదే అడిగి తెలుసుకున్న విషయాలూ ఇందులో ఉన్నాయి.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చదవడం ఆపి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రాత్రయితే ఎమర్జెన్సీకి వెళ్లండి, తెల్లారేదాకా ఆగకండి.

- కన్ను లోపలి నుంచి తీవ్రమైన నొప్పి, దానితో పాటు తలనొప్పి, వికారం లేదా వాంతులు
- దీపాల చుట్టూ రంగుల వలయాలు, పొగమంచు కమ్మినట్టు చూపు మసకబారడం
- చూపు ఉన్నట్టుండి బాగా తగ్గిపోవడం
- కంట్లో మెరుపులు, ఒక్కసారిగా బోలెడన్ని నల్లచుక్కలు, పక్క నుంచి నల్లటి పరదా కప్పుతున్నట్టు అనిపించడం
- తగ్గుతూ వచ్చిన ఎరుపు, నొప్పి మళ్లీ పెరగడం

వాంతులు చూసి గ్యాస్ అనుకుని, తలనొప్పి చూసి మైగ్రేన్ అనుకుని మాత్ర వేసుకుని పడుకునేవాళ్లు చాలామంది. కంటి ప్రెజర్ అమాంతం పెరిగితే కడుపులో తిప్పుతుంది, వాంతులూ అవుతాయి. దగ్గర్లో కంటి డాక్టరు లేక మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లినా సరే, నోరు తెరవగానే "నాకు గ్లాకోమా ఉంది, ఫలానా రోజు కంటికి లేజర్ చేశారు" అని చెప్పండి. కడుపు సంగతి ఆ తర్వాత.

దగ్గర ఉంచుకోవలసినవి

- లేజర్ రోజు ఇచ్చిన కాగితం. ఏ కన్ను, ఏ లేజర్, ముందు ప్రెజర్ ఎంత, తర్వాత ఎంత అన్నవి అందులో ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి
- మీరు వాడే చుక్కల మందులన్నీ, పాతవి కూడా
- ఒక చిన్న నోట్‌బుక్కు, పెన్ను
- సన్నక్షరాలున్న ఏదైనా ఒక కాగితం, రోజూ చూపు పరీక్షించుకోవడానికి
- ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు, రాత్రిపూట ఎత్తే నంబరు

1. మీకు జరిగింది ఏ లేజరో తెలుసుకోండి

"లేజర్ చేశారు" అంటే చాలదు. గ్లాకోమాకు ఎక్కువగా చేసేవి మూడు రకాలు. దేని ఇబ్బందులు దానివి, దేని గడువు దానిది.

ఐరిడాటమీ: కాగితం మీద పీఐ, ఎల్‌పీఐ, యాగ్ పీఐ అని ఉంటుంది. కంట్లోని నీరు బయటికి పోయే మూల ఇరుకుగా ఉన్నవాళ్లకు, నల్లగుడ్డు వెనక ఉండే రంగుపొరలో సన్నటి రంధ్రం చేస్తారు. నీటికి అది ఇంకో దారి.

ఎస్‌ఎల్‌టీ: మూల తెరుచుకునే ఉన్నా అక్కడి జల్లెడ లాంటి భాగం నీటిని సరిగా వదలని వాళ్లకు చేస్తారు. ఇందులో రంధ్రం ఉండదు.

డయోడ్ లేజర్, అంటే సైక్లో: నీరు తయారయ్యే భాగాన్ని కొంత కాల్చి ఉత్పత్తినే తగ్గిస్తారు. మూడింటిలో ఇదే బరువైనది. నొప్పీ వాపూ ఎక్కువ, చుక్కలు వాడాల్సిన రోజులూ ఎక్కువ.

శుక్లం ఆపరేషన్ తర్వాత పొర తీయడానికి చేసే యాగ్ లేజర్, షుగర్ ఉన్నవాళ్లకు రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) మీద చేసే లేజర్ పూర్తిగా వేరు. "మా మామయ్యకు మర్నాడే చూపు వచ్చేసింది" అని ఎవరైనా అంటే, ఆయనకు జరిగింది ఏ లేజరో ముందు అడగండి. గ్లాకోమా లేజర్ చూపు పెంచడానికి చేసేది కాదు, ఉన్న చూపు పోకుండా ప్రెజర్ తగ్గించడానికి చేసేది. కంటినరం దెబ్బతిని పోయిన చూపు దీనితో తిరిగి రాదు. ఈ ఒక్క విషయం ముందే తెలియక, లేజర్ వికటించిందని కుమిలిపోయేవాళ్లను చూశాను.

2. ప్రెజర్ చూడకుండా ఇంటికి బయల్దేరకండి

లేజర్ తర్వాత వచ్చే చిక్కుల్లో ముందుగా కనిపెట్టాల్సింది ఇదే. ప్రెజర్ తగ్గించడానికి చేసిన లేజరే మొదటి కొన్ని గంటల్లో ప్రెజర్‌ను పెంచవచ్చు. రంగుపొర నుంచి రాలిన పొడి, వాపు కలిసి నీటి దారిని కాసేపు మూసేస్తాయి. చాలామందిలో ఇది కొద్దిపాటిదే, ఒక రోజులో సర్దుకుంటుంది. కానీ నరం ముందే బాగా దెబ్బతిన్న కంటికి ఆ కొన్ని గంటల పెరుగుదల కూడా ప్రమాదమే.

అందుకే లేజర్‌కు ముందో వెంటనేనో ప్రెజర్ తగ్గించే చుక్క వేసి, దాదాపు గంట తర్వాత ఒకసారి ప్రెజర్ చూస్తారు. చూడకపోతే మీరే అడగండి. మామూలు ప్రెజర్ 10 నుంచి 21 మధ్య అంటారు గానీ, గ్లాకోమా ఉన్న కంటికి డాక్టరు పెట్టిన లక్ష్యం అంతకంటే తక్కువ ఉండవచ్చు. "నా టార్గెట్ ఎంత?" అని అడిగి నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసుకోండి.

నా మొదటి కంటికి లేజర్ అయ్యాక నేను నేరుగా ఇంటికి వచ్చేశాను. ఆగమని ఎవరూ అనలేదు, ఆగాలని నాకూ తెలియదు. సాయంత్రానికి కనుబొమ్మ పైన పోటు, వీధి దీపం చుట్టూ వలయం. రాత్రి వెళ్లి చూపిస్తే ప్రెజర్ 36. మందులతో తెల్లారేసరికి దిగింది. గంటసేపు అక్కడే కూర్చుని ఉంటే ముందే తెలిసేది.

కంటి మూలలో రంగుపొడి ఎక్కువగా పేరుకున్నవాళ్లకు ఎస్‌ఎల్‌టీ తర్వాత ప్రెజర్ పెరిగే అవకాశం ఎక్కువ. డాక్టరు మీ గురించి అలా చెప్పి ఉంటే మర్నాడు కూడా ప్రెజర్ చూడాలా అని అడగండి.

ప్రెజర్ దించడానికి ఎసిటజోలమైడ్ మాత్ర ఇస్తే వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం మామూలే. కిడ్నీ జబ్బు గానీ, సల్ఫా మందులు పడకపోవడం గానీ ఉంటే మాత్ర మింగే ముందే చెప్పాలి.

3. మొదటి రోజు: ఏది మామూలు, ఏది కాదు

లేజర్ అయిన వెంటనే చూపు మసకగా ఉంటుంది. కంటి మీద పెట్టిన అద్దానికి రాసే జెల్, ఆ వెలుగు దీనికి కారణం. కొన్ని గంటల్లో తేటపడుతుంది. ఆ రోజు మీరు బండి నడపకండి.

ఐరిడాటమీకి ముందు పైలోకార్పిన్ చుక్క వేస్తారు. అది కంటిపాపను చిన్నది చేస్తుంది. దానివల్ల కనుబొమ్మ దగ్గర లాగుతున్నట్టు నొప్పి, లోకమంతా వెలుతురు తగ్గినట్టు ఉండటం మామూలే. ఇది లేజర్ చేసిన హాని కాదు, చుక్క ప్రభావం. కొన్ని గంటల్లో పోతుంది. గంటలు గడిచేకొద్దీ నొప్పి తగ్గుతుంటే అది చుక్క నొప్పి. పెరుగుతుంటే ప్రెజర్ నొప్పి కావచ్చు, అప్పుడు ఇంట్లో ఉండకండి.

నలక పడ్డట్టు గరగర, కాస్త ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం రెండు మూడు రోజులు ఉండవచ్చు. నొప్పికి మీకు పడే పారాసిటమాల్ చాలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు సొంతంగా వేరే నొప్పి మాత్రలు వేసుకోవద్దు, ఆ మందులు సొంతంగా ఆపనూ వద్దు.

ఐరిడాటమీ చేస్తుండగా రంగుపొర నుంచి చుక్క రక్తం రావచ్చు. డాక్టరు అద్దంతో కాసేపు నొక్కితే సాధారణంగా ఆగిపోతుంది. ఇంటికొచ్చాక ఆ కంటికి ఎర్రగా, మబ్బుగా కనిపిస్తే ఫోన్ చేయండి. పడుకున్నప్పుడు తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి, బరువులు ఎత్తకండి. చాలావరకు కొద్ది రోజుల్లో కరుగుతుంది, కానీ ప్రెజర్ మాత్రం చూపించుకోవాలి.

ఐరిడాటమీ, ఎస్‌ఎల్‌టీ కోసి కుట్లు వేసే ఆపరేషన్లు కావు. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప స్నానం, చదవడం, టీవీ, రోజువారీ పనులు అన్నీ చేసుకోవచ్చు. కాంటాక్ట్ లెన్సులు మాత్రం డాక్టరు చెప్పేదాకా పెట్టకండి. కన్ను నలపకండి.

4. చుక్కలు సరిగ్గా వేసుకోండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

మీ చుక్కలను రెండు కుప్పలుగా విడదీయండి. ఒకటి లేజర్ వాపు తగ్గడానికి కొత్తగా ఇచ్చినవి. రెండోది గ్లాకోమాకు ముందు నుంచీ వాడుతున్నవి. మొదటి కుప్పకు వాడటం ఆపాల్సిన తేదీ ఉంటుంది. రెండో కుప్పకు ఉండదు.

1. చేతులు కడుక్కోండి. పాలలా తెల్లగా ఉండే స్టెరాయిడ్ (వాపు తగ్గించే మందు) సీసా అయితే బాగా కుదపండి, లేకపోతే మందు అడుగునే ఉండిపోతుంది.
2. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగి, ఒక్క చుక్క వేయండి. సీసా మూతి కంటికి గానీ రెప్పకు గానీ తగలకూడదు.
3. కన్ను మూసి, ముక్కు పక్కన కంటి లోపలి మూలను వేలితో మెల్లగా నొక్కి రెండు నిమిషాలు ఉంచండి. మందు గొంతులోకి జారిపోకుండా కంట్లోనే ఉంటుంది.
4. రెండో మందుకు ముందు 5 నిమిషాలు ఆగండి. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

చుక్క పడిందో లేదో తెలియకపోతే ఇంట్లో ఇంకెవరినైనా వేయమనండి. చేతులు వణికే పెద్దవాళ్లు సీసాను నుదుటికి ఆనించి పట్టుకుంటే గురి కుదురుతుంది, లేదా పడుకుని వేసుకోవచ్చు.

హెచ్చరిక: స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు పోతుంది, హాయిగా ఉంటుంది. అందుకని డాక్టరు చెప్పిన రోజులు అయిపోయాక కూడా అదే సీసా మళ్లీ కొని వాడేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కొన్ని వారాలు వాడితే స్టెరాయిడే కంటి ప్రెజర్‌ను పెంచగలదు, గ్లాకోమా ఉన్నవాళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. పైకి కన్ను తెల్లగా, చల్లగా ఉంటుంది. లోపల నరం నలిగిపోతుంటుంది. అలాగని మధ్యలో ఆపడమూ తప్పే. వాపు పూర్తిగా తగ్గకముందే ఆపితే అది తిరగబెడుతుంది. ఎస్‌ఎల్‌టీ తర్వాత కొందరు డాక్టర్లు అసలు స్టెరాయిడ్ ఇవ్వరు, "నాకెందుకు రాయలేదు?" అని టెన్షన్ పడక్కర్లేదు.

ఇక మూడో ప్రశ్నకు జవాబు. గ్లాకోమా చుక్కలు మీ అంతట మీరు మానేయకూడదు. డాక్టరు ఆపమని కాగితం మీద రాస్తేనే ఆపాలి. ఎస్‌ఎల్‌టీ పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఈలోగా చుక్కలు ఆపితే పాత రక్షణ పోయి, కొత్తది ఇంకా రాని ఖాళీలో కన్ను ఉంటుంది. మా అమ్మ సరిగ్గా ఇదే చేసింది. పదో రోజున నేను అడిగితే "లేజర్ అయిపోయింది కదమ్మా" అంది. ఆమెకు ఆ మాట విడమరిచి చెప్పనిది నేనే.

5. రోజూ ఒకే విధంగా చూపు పరీక్షించుకోండి

రెండు కళ్లూ తెరిచి చూస్తే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది. కాబట్టి పగటిపూట, ఒకే చోట కూర్చుని, మీ కళ్లద్దాలు పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో నొక్కకుండా మూసి, సన్నక్షరాల కాగితం చదవండి. తర్వాత రెండో కన్నుతో. ఒకే కాగితం, ఒకే దూరం. నోట్‌బుక్కులో తేదీ వేసి "నిన్నటిలాగే", "కొంచెం మేలు", "తగ్గింది" అని రాస్తే సరిపోతుంది. పక్కన నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంతో రాయండి. రెండు వారాలు చాలు.

ఈ పరీక్షతో ప్రెజర్ తెలియదు. వేలితో కన్ను నొక్కి "మెత్తగా ఉంది, బాగానే ఉంది" అనుకోవడం వల్ల కూడా ఏమీ తెలియదు, పైగా కంటికి హాని. ప్రెజర్ యంత్రంతో చూస్తేనే తెలుస్తుంది.

6. ఇబ్బందిని బట్టి ఏం చేయాలి

ఎరుపు, వెలుతురు పడకపోవడం: మొదటి మూడు రోజులు తగ్గుముఖం పడుతుంటే చుక్కలు కొనసాగించండి. వారం దాటినా ఉంటే, లేదా ఒకసారి తగ్గి మళ్లీ వస్తే చూపించండి. లోపలి వాపు మిగిలి ఉండవచ్చు. గతంలో కంటికి హెర్పిస్ అనే వైరస్ జబ్బు వచ్చి ఉంటే లేజర్‌కు ముందే చెప్పాలి, అది మళ్లీ లేచే అవకాశం ఉంది. చెప్పడం మరిచిపోతే ఇప్పుడైనా చెప్పండి.

తెల్ల గీత, నీడలాంటి రెండో బొమ్మ, వెలుగు చెదరడం: ఐరిడాటమీ తర్వాత కొందరికి వస్తుంది. చేసిన రంధ్రం గుండా కూడా కొంత వెలుతురు లోపలికి పోతుంది. రెప్ప అంచున ఉండే కన్నీటి పొర దాన్ని వంచి గీతలా చూపిస్తుంది. ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. గీత కనిపిస్తున్నప్పుడు శుభ్రమైన వేలితో పై రెప్పను, కన్ను నొక్కకుండా, కొద్దిగా పైకి ఎత్తండి. గీత మాయమైనా, జరిగినా అది చాలావరకు రంధ్రం వల్లే. ప్రమాదం కాదు. చాలామందికి వారాలు, నెలలు గడిచేకొద్దీ మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నాకు అలాగే పోయింది. మరీ విసుగు పుట్టిస్తే రంగు వేసిన కాంటాక్ట్ లెన్సు లాంటి దారులున్నాయి, డాక్టరును అడగండి. ఈ గీత కదలకుండా ఉంటుంది. మిణుకుమనే మెరుపులు అలా కాదు, వాటికి పైన చెప్పిన ఎమర్జెన్సీ దారే.

వారాల తర్వాత కూడా మసక: కళ్లద్దాలు మార్చుకుందామని షాపుకు వెళ్లకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముందే ఉన్న శుక్లం ముదిరి ఉండవచ్చు. అరుదుగా నల్లగుడ్డు ఉబ్బుతుంది, ఇంకా అరుదుగా రెటీనా మధ్యభాగంలో నీరు చేరుతుంది.

డయోడ్ లేజర్ అయినవాళ్లకు: నొప్పి కొన్ని రోజులు ఉంటుంది. అట్రోపిన్ చుక్క ఇస్తే కంటిపాప పెద్దదై దగ్గరి చూపు మసకవుతుంది, అది మందు వల్లే. ఈ లేజర్ తర్వాత ప్రెజర్ మరీ తక్కువకు పడిపోవడం కూడా ఒక చిక్కే. చూపు రోజురోజుకూ తగ్గుతుంటే చెకప్ తేదీ దాకా ఆగకండి. చాలా అరుదే గానీ, లేజర్ చేయని రెండో కంటిలో ఎరుపు, నొప్పి, వెలుతురు పడకపోవడం మొదలైతే అదే రోజు చూపించాలి.

7. లేజర్ పని చేసిందో లేదో ఇలా తెలుసుకోండి

ఐరిడాటమీకి మొదటి చెకప్ సాధారణంగా వారం ప్రాంతంలో, ఎస్‌ఎల్‌టీకి నాలుగు నుంచి ఆరు వారాల ప్రాంతంలో ఫలితం చూస్తారు. కన్ను బాగానే ఉందని ఈ చెకప్ మానేయడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. గ్లాకోమాలో ప్రెజర్ మెల్లగా పెరిగితే నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు. హాయిగా ఉన్న కంటికీ చెకప్ అంతే అవసరం.

వెళ్లినప్పుడు ఇవి అడగండి.

- ఐరిడాటమీ అయితే: "రంధ్రం తెరుచుకునే ఉందా?" మొదటి వారాల్లో పొడి అడ్డుపడో, వాపు వల్లో మూసుకుపోవచ్చు. మళ్లీ లేజర్ చేసి తెరుస్తారు, అందులో భయపడాల్సింది లేదు.
- "మూల తెరుచుకుందా? గోనియోస్కోపీ (మూలను ప్రత్యేక అద్దంతో చూసే పరీక్ష) చేశారా?" రంధ్రం బాగున్నా కొందరికి మూల ఇరుకుగానే ఉంటుంది. వాళ్లకు వేరే చికిత్స కావాలి.
- ఎస్‌ఎల్‌టీ అయితే: "ముందు ఎంత, ఇప్పుడు ఎంత?" పని చేసినవాళ్లలో 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతుంది. ఉదాహరణకు 25 ఉన్నది 19 దగ్గరికి వస్తే బాగా పనిచేసినట్టే.
- "ఇక ఏ చుక్క ఉంచాలి, ఏది ఆపాలి?" కాగితం మీద రాయించుకోండి.

ఎస్‌ఎల్‌టీ ఫలితం కొన్నేళ్లలో తగ్గిపోవచ్చు, అప్పుడు మళ్లీ చేయవచ్చు. కొందరికి మొదటిసారే పని చేయదు. బ్రిటన్‌లో జరిగి 2019లో ఫలితాలు వెలువడిన లైట్ అనే అధ్యయనంలో, ముందుగా ఎస్‌ఎల్‌టీ చేయించుకున్నవాళ్లలో 74 శాతం మంది మూడేళ్లకు చుక్కలు లేకుండానే లక్ష్యంలో ఉన్నారు. వాళ్లందరూ కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు. ఏళ్ల తరబడి మూడు మందులు వాడుతున్నవాళ్లు తమ కంటి నుంచి అదే ఆశించకూడదు.

8. రెండో కంటికి లేజర్ ఉంటే

ఆ రోజు నోట్‌బుక్కు తీసుకెళ్లండి. మొదటి కంటికి ప్రెజర్ ఎంత పెరిగింది, ఎరుపు ఎన్ని రోజులుంది, గీత కనిపించిందా అన్నవి లేజర్ కుర్చీలో కూర్చోకముందే డాక్టరుకు చూపించండి. నా మొదటి కంటి 36 చూసి, రెండోసారి డాక్టరు ముందే ప్రెజర్ చుక్క వేయించారు, గంట తర్వాత చూశారు. 17 ఉంది. అయినా ఇంకో గంట ఆగి, మళ్లీ చూపించుకుని వచ్చాను.